యాడికి అన్న ఒక్క మాట

పోయిన నెల అనంతపురం బస్టాండులో గుంతకల్లు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. సీటు రెక్సిన్ కాలిపోతోంది. వెనకెవరో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నారు, ఆ తడి మట్టి వాసన బస్సంతా నిండింది. కండక్టరు టికెట్ల మిషన్ పట్టుకుని వచ్చి, నా మొహమైనా చూడకుండా "యాడికి?" అన్నాడు. అంతే, నా రెండు చెవులూ వేడెక్కాయి. ఎండకు కాదు. ఆ మాట ఎవరి నోట విన్నా ఇన్నేళ్లుగా నాకు జరిగేదే అది. సీమ ఎరగని వాళ్లకు చెప్పాలి కనక చెబుతున్నాను. మా వైపు "యాడికి" అంటే "ఎక్కడికి" అని. తాడిపత్రి దగ్గర ఒక ఊరి పేరు కూడా యాడికే. ఆ రెండు అర్థాల మధ్య ఇరుక్కుని ఒక ఊరు ఊరంతా నష్టపోయింది. అప్పుడు మా ఆఫీసు పెద్దగా ఉన్నది షంషాద్ మేడం. ఆమె పోయారన్న కబురు అందబట్టే నేను ఆ బస్సెక్కాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో అనంతపురం శివార్లలో మాదొక చిన్న వాతావరణ సమాచార కేంద్రం. ఉన్నవి రెండే గదులు. మనుషుల గదిలో ఫ్యాను కూడా మొరాయించేది, మిషన్ల గదికి మాత్రం ఏసీ. మండలాల్లో పెట్టిన వర్షమాపకాల లెక్కలు అక్కడి కంప్యూటర్లలో పొట్లాలుగా తయారై మా సర్వరుకు చేరేవి, మా సర్వరు వాటిని హైదరాబాదులోని పై ఆఫీసుకు పంపేది. ఆ పొట్లాన్ని మేం ప్రొడక్ట్ అనేవాళ్లం. ప్రతి ప్రొడక్ట్ నెత్తిన ఆ రోజుకు అది ఎన్నోదో చెప్పే వరస నంబరు, దాన్ని మొదట పుట్టించిన మిషన్ పేరు ఉంటాయి. ఎన్ని చేతులు మారినా ఆ పేరు మారకూడదు. మేం చేసేది వానల వ్యాపారం, అందులోనూ వానలే లేని జిల్లాలో, అని మేడం నవ్వేవారు.

నేను ఆ ఆఫీసులో చేరిన రోజు మేడం టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ "మీది యా ఊరప్పా?" అని అడిగారు. నేను కోస్తాలో చదువుకుని వచ్చాను. హాస్టల్లో తోటివాళ్లు నా మాటను వెక్కిరించి వెక్కిరించి, చివరికి నా నోట్లోంచి "పోతాండా"లూ "ఉండాది"లూ ఒక్కొక్కటే రాలిపోయాయి. వాటితోపాటు ఊరి పేరు చెప్పడం కూడా మానేశాను. "అనంతపురమేనండి" అన్నాను. "అనంతపురంలో యాడ?" అన్నారు. "పక్కనేనండి" అన్నాను. ఆమె సాసరు కింద పెట్టి, "పక్కన అనే ఊరు నాకు తెల్దే" అన్నారు. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను గాని తల కొట్టేసినట్టయింది. గార్లదిన్నె మండలంలో ఎర్రకుంటపల్లి అని చెప్పడానికి అప్పుడూ నోరు రాలేదు, ఆ తర్వాత చాలాకాలం కూడా రాలేదు.

ఆమెది గుంతకల్లు. నాన్న రైల్వేలో పార్సిల్ ఆఫీసు ఉద్యోగి. చిన్నప్పుడు ఆయనకు క్యారియరు ఇవ్వడానికి పోయి, ప్లాట్‌ఫారం మీద చిరునామా చెరిగిపోయిన మూటలను చూసేదాన్నని చెప్పేవారు. ఎక్కడికి పోవాలో చెరిగిపోయినా బాధ లేదట. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉంటే చాలు, వెనక్కి పంపి కనుక్కోవచ్చు. అది కూడా లేని మూట అక్కడే కుళ్లిపోవలసిందే. ఆ మూటల సంగతి మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరేవారు. మిషన్లకే కాదు, తనకు కూడా ఆ నియమం పెట్టుకున్నారు. ఫోను ఎవరికి చేసినా, కలెక్టరుకైనా కరెంటు మనిషికైనా, ముందు "గుంతకల్లు షంషాద్‌ను, అనంతపురం నుంచి మాట్లాడతాండా" అని చెప్పి గాని విషయంలోకి దిగేవారు కాదు. గొంతులో ఏ మొహమాటమూ లేదు. పై ఆఫీసు వాళ్లతోనూ అదే భాష, టీ తెచ్చే మనిషితోనూ అదే భాష. ఆమె ఫోనులో మాట్లాడుతుంటే నేను లేచి మిషన్ల గదిలోకి వెళ్లిపోయేవాణ్ణి. అవతల హైదరాబాదు వాళ్లు ఏమనుకుంటున్నారో అని ఆమెకు లేని సిగ్గు నేను పడేవాణ్ణి.

ఇంత పట్టింపు ఉన్న మనిషి ఒక్క రోజు తన నియమం తప్పారు. యాడికిలో కొత్త మిషన్ పెట్టడానికి ఓబులేసు వెళ్లాడు. స్తంభాలు పాతడం దగ్గర్నుంచి కంప్యూటరు బిగించడం దాకా ఊళ్లల్లో పనంతా చూసేది అతనే. ఆ రోజు లైను సరిగ్గా లేదు. మాట కలవడమూ తెగిపోవడమూనూ. పొద్దుటి నుంచి కలవని ఫోను కలిసేసరికి మేడానికి తన పేరూ ఊరూ చెప్పే ఓపిక లేకపోయింది. మిషన్‌కు ఏం పేరు పెట్టాలో అతను అడుగుతున్నాడని అర్థమై, గట్టిగా "యాడికి!" అని ఒకే ఒక్క మాట అరిచారు. అవతలి నుంచి ఏదో ముక్కలు ముక్కలుగా, చివర సరే మేడం అని వినిపించింది. లైను తెగిపోయింది. యాడికి నుంచి ప్రొడక్టులు రావడం మొదలైంది, మా తెరమీద ఆ లైనుకు పచ్చదీపం వెలిగింది. ఆ పూట అందరం పకోడీలు తెప్పించుకుని తిన్నాం.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అనంతపురం ఊరి మీద మాత్రం ఒక సాయంత్రం కుండపోతగా కురిసి, రోడ్లన్నీ కాలవలై, మళ్లీ ఆకాశం ఏమీ ఎరగనట్టు తేటపడింది. కొన్నాళ్లకు కరువు మండలాల ప్రకటన వచ్చింది. ప్రకటనలో ఉన్న మండలాలకు పశువుల మేత వస్తుంది. అందులో యాడికి లేదు. అంతకుముందు పెద్ద ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరకు ఎవరో దారి చూపిస్తే, యాడికి రైతులు కొందరు మా ఆఫీసు గడపలో వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ముందుకొచ్చి మాట్లాడింది సుంకమ్మ. నడివయసు దాటిన మనిషి, చేతిలో ఖాళీ సంచి. "మా ఊర్లో వాన బాగా పడిందని మీ మిషన్ చెప్పిందంటనే. యాడ పడిందో చూపిచ్చు తల్లీ, పోయి ఎద్దులకు నీళ్లన్నా తాపిచ్చుకుంటాం" అంది. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడుగుతున్నట్టు అంది, అందుకే విన్నవాళ్లకు మరీ గుచ్చుకుంది.

మిషన్ అబద్ధం చెప్పదని మాలో కొందరం గొణిగాం. మేడం మాత్రం వాళ్లందరినీ కూర్చోబెట్టి నీళ్లిచ్చి, చూసి చెప్తానని మాటిచ్చి పంపారు. వెతుకులాట మొదలైంది. వర్షమాపకం చూశాం, బాగుంది. తీగలు మార్చాం. మా దగ్గరకు యాడికి ప్రొడక్టులు వస్తూనే ఉన్నాయి, మేం పంపుతూనే ఉన్నాం. పై ఆఫీసు వాళ్లు మాత్రం యాడికి నుంచి తమకు ఏనాడూ ఏదీ రాలేదని, వరస ఖాళీగా ఉంటే వాళ్ల ప్రోగ్రాం దగ్గరి కేంద్రమైన అనంతపురం అంకెతో దాన్ని నింపుతుందని చెప్పారు. పంపామని మేం, రాలేదని వాళ్లు, రోజులు గడిచిపోయాయి. ఈలోగా యాడికి నుంచి పశువులు సంతకు తోలుకుపోతున్నారని ఓబులేసు చెప్పాడు. మేడం ఆ మాట విని అన్నం డబ్బా తెరవకుండానే మూత పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం ఆమె నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని లెక్కపెట్టడం ఆపి, ఒక్క ప్రొడక్ట్ పట్టుకుని దాని నెత్తిన ఏముందో చదవమన్నారు. విప్పాను. యాడికి మిషన్ నుంచి అప్పుడే వచ్చిన పొట్లం. పుట్టిన చోటు అన్న దగ్గర అనంతపురం అని ఉంది. ఇంకొకటి విప్పాను, అదీ అంతే. అంతా అప్పుడు అర్థమైంది. మా సొంత వర్షమాపకం లెక్క కూడా అదే పేరుతో, అదే వరస నంబరుతో పోతుంది. అది సర్వరు పక్కనే ఉంది కాబట్టి ఎప్పుడూ ముందు చేరుతుంది. వెనక వచ్చిన యాడికి పొట్లాన్ని పై ఆఫీసు సర్వరు చూసి, ఇది అనంతపురందే, ఇప్పటికే వచ్చిందే, రెండోసారి ఎందుకని పారేస్తోంది. యాడికి ఎండ అంతా అలా చెత్తలో పడిపోయింది, దాని స్థానంలో అనంతపురం వాన కూర్చుంది.

మేడం ఓబులేసుకు ఫోను చేసి, తన పేరూ ఊరూ చెప్పి మరీ, మిషన్‌కు ఆ పేరు ఎందుకు పెట్టావని నెమ్మదిగా అడిగారు. అతని గొంతు నాకు కూడా వినబడింది. "మీరే గదా మేడం యాడికి అని అడిగినారు. అనంతపురానికే గదా మనం పంపేది. అదే కొట్టినా" అన్నాడు. మేడం ఫోను పెట్టేశారు. ముందు నవ్వు వచ్చింది ఆమెకు, భుజాలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కళ్లజోడు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. "ఊరి పేరు నేను చెప్పినా, వాడు ప్రశ్న విన్నాడు. వాని తప్పేముందప్పా, ఈడ పుట్టినోడు ఎవుడైనా అట్లే వింటాడు" అన్నారు.

మిషన్ పేరు సరిచేయడం చిటికెలో పని. పై ఆఫీసుకు సంజాయిషీ రాయడం నా వంతుకు వచ్చింది. నేను మంచి ఇంగ్లీషులో, కాన్ఫిగరేషన్‌లో దొర్లిన సాంకేతిక లోపం అని, విచారిస్తున్నామని, మళ్లీ జరగదని రాసి ఇచ్చాను. ఎక్కడా యాడికి అన్న మాట చమత్కారం రానివ్వలేదు. ఆ మాట కాగితం మీద చూడడానికే నాకు మనసొప్పలేదు. ఇంత పెద్ద సర్వరు, ఇంత చదువు, చివరికి మా ఊళ్ల మోటు మాట దగ్గర బోర్లా పడిందని హైదరాబాదు వాళ్లకు తెలిస్తే మా పరువేం కాను అనిపించింది. మేడం దాన్ని చదివి, "ఈ లోపం ఎవురిదప్పా? యాడ పుట్టింది? దీనికి గూడా ఊరు లేదే" అన్నారు. నన్ను అనలేదేమో, కాని నాకు తగలవలసిన చోటే తగిలింది. తర్వాత ఆమే కాగితం తీసుకుని, ఫోనులో తను అన్నది ఏమిటో, ఓబులేసు విన్నది ఏమిటో, అలా వినడం ఎందుకు సహజమో తెలుగులోనే రాశారు. కింద తన పేరు రాసుకున్నారు. ఓబులేసు పేరు కొట్టేసి, మా మనిషి అని మాత్రం ఉంచారు.

హైదరాబాదు మీటింగుకు నన్నూ తీసుకెళ్లి, అక్కడ ఆమె దాన్ని నిలబడి చదివారు. "యాడికి" దగ్గరకు వచ్చేసరికి హాలు గొల్లుమంది. ఒకాయన బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. నా పక్కన కూర్చున్న ఆయన నా వైపు వంగి, మీ మేడం మాట్లాడేది తెలుగేనా అండీ అని సరదాగా అడిగాడు. నేను బూట్ల వైపు చూసుకున్నాను. నా నోట్లో ఉన్న ఆ అరువు భాషను చూసి ఆయన నన్ను తన మనిషి అనుకున్నాడు. ఆ గౌరవానికి నా ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. మేడం నవ్వులు ఆగేదాకా నిలబడి, మిగతాది చదివి, యాడికిని ప్రకటనలో చేర్చమని అడిగి కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో నేను ఉండబట్టలేక, అలా చదవకపోతే ఏం పోయేది మేడం అన్నాను. "నవ్వినారు గదా, ఇంక మర్చిపోరు. సాంకేతిక లోపం అంటే రేపు పొద్దునకు ఎవురికి గుర్తుంటాది" అన్నారు. ఆమె అన్నట్టే అయింది. ఆ వారంలోనే వేరే జిల్లాల కేంద్రాల నుంచి ఫోన్లు, తమ మిషన్ల పేర్లు కూడా ఒకసారి చూసుకున్నామని, రెండు మూడు చోట్ల ఇలాంటివే దొరికాయని.

యాడికిని ప్రకటనలో చేర్చారు. మేత కూడా వచ్చింది, ఆలస్యంగా. మేడం జీపు తెప్పించి, నన్ను వెంటబెట్టుకుని యాడికి బయల్దేరారు. ఎవరూ పొమ్మనలేదు. వాళ్ల ముందర నిలబడి చెప్పకపోతే తనకు అన్నం సయించదని అన్నారు. మేత దింపుతున్న చోట రేకుల నీడలో జనం ఉన్నారు. నేను జీపులోనే ఉందామనుకున్నాను. ఆమె చూసిన చూపుకు దిగక తప్పలేదు. మేడం జరిగిందంతా దాచకుండా చెప్పారు. తన నోటి నుంచి వచ్చిన ఒక్క మాట వల్ల వాళ్ల ఊరి లెక్క గాలికి పోయిందని, ఆ తప్పు మిషన్‌ది కాదు, తనది అని చెప్పారు. ఒక ముసలాయన పక్కున నవ్వి, మా ఊరి పేరుతో ఇట్లాంటివి శానా ఉండాయిలేమ్మా, బస్సుల్లో రోజూ పడే తిప్పలే అన్నాడు. ఇంకా కొందరు నవ్వారు. వాళ్ల నవ్వు హాల్లోవాళ్ల నవ్వులా లేదు. నా గుండెల్లో బరువు కొంచెం దిగుతున్నట్టే అనిపించింది.

అప్పుడు సుంకమ్మ లేచింది. ఆమె ఎద్దుల్ని అంతకుముందు వారమే సంతలో ఇచ్చేసిందని పక్కనున్నవాళ్లు చెప్పారు. కొన్నవాడెవరో, ఏ వైపు తోలుకుపోయాడో ఆమెకు తెలియదు. వచ్చిన మేతలో ఒక మోపు ఆమె పేరన ఉంది, దానిమీద చెయ్యి వేసి నిలబడింది. "అమ్మా, యాన్నుంచి వచ్చిందో మీ మిషన్ చెప్తాదంటివి గదా. మా ఎద్దులు యాడికి పోయినాయో చెప్తాదా?" అని అడిగింది.

షంషాద్ మేడం సుంకమ్మ దగ్గరకు వెళ్లి ఆ గడ్డిమోపు పక్కనే నిలబడ్డారు. "తెల్దు సుంకమ్మా" అన్నారు. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగితే ఆమె సరేనమ్మా అనాల్సి వస్తుంది, ఆ బరువు కూడా ఆమె మీదే ఎందుకు వెయ్యాలి అని తర్వాత నాతో చెప్పారు. నాకు ఆ ఎండలో నిలబడ్డ చోటే కుంగిపోవాలనిపించింది. ఆ పచ్చదీపం చూసుకుంటూ మేం తిన్న పకోడీలు గుర్తొచ్చాయి.

జీపులో తిరిగి బయల్దేరాం. దారికి రెండు వైపులా విత్తనం పడని చేలు. చాలా దూరం వచ్చాక మేడం బయటకే చూస్తూ, మీ ఇంట్లో ఎద్దులుండాయా అని అడిగారు. ఎప్పటిలాగా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచాను. కాని ఏళ్లుగా రాని మాట వచ్చింది. "అప్పుడు ఉన్యాయి మేడం. మాది ఎర్రకుంటపల్లి, గార్లదిన్నె పక్కన. నేను చదువుకునేటప్పుడు ఒక కరువులో మా నాయన సంతకు తోలుకపోయి ఇచ్చేసినాడు. మళ్లా కొనలేకపోయినాం" అన్నాను. ఆ మాటలు ఆ యాసలో నా చెవికే కొత్తగా వినబడ్డాయి. హాస్టల్లో వెక్కిరిస్తే నాకు సిగ్గేసింది నా భాషకని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి నాకు సిగ్గేసింది ఎద్దుల్లేని మా ఖాళీ కొట్టానికి. ఊరి పేరు చెబితే ఎవరికైనా ఆ ఖాళీ కనబడిపోతుందని దాచుకున్నాను. మేడం తల తిప్పి నన్ను చూశారు. నేను దాచినందుకు ఏమీ అనలేదు. "ఎర్రకుంటపల్లి" అని ఒకసారి పలికి, "బాగుండాది పేరు" అన్నారు.

ఆ తర్వాత నేను ఎన్నో ఊళ్లలో ఎన్నో సర్వర్లు నిలబెట్టాను. ఏ మిషన్ ముందు కూర్చున్నా మొదట నీ పేరేమిటని దాన్నే అడుగుతాను, అది చెప్పిన పేరును దాని నుంచి వచ్చిన ఒక్క పొట్లం విప్పి సరిచూసుకుంటాను. కుర్రవాళ్లు చాదస్తం అనుకుంటారు. ఫోను చేస్తే ముందు నా పేరూ ఊరూ చెబుతాను. ఇదంతా ఆమె పెట్టిన అలవాటే. అలవాటైతే వచ్చింది గాని సిగ్గు పోలేదు. యాడికి అన్న మాట వినబడగానే ఆ గడ్డిమోపు మీది చెయ్యి కళ్ల ముందుకు వస్తుంది. మేడం ఉన్నన్నాళ్లు ఆ సిగ్గును ఇద్దరం పంచుకున్నట్టు ఉండేది. ఇప్పుడు అది నా ఒక్కడి దగ్గరే ఉంది.

ఆ రోజు బస్సులో కండక్టరు అడగగానే నాకు ఇవన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఏం చెబుతున్నానో తెలియకుండానే, "ఎర్రకుంటపల్లి నుంచి" అన్నాను. కండక్టరు అప్పుడు తలెత్తి నా మొహం చూశాడు. విసుక్కోలేదు, చెవిటివాడికి చెప్పినట్టు నిదానంగా అన్నాడు. "యాన్నుంచి అని అడగలేదన్నా. యాడికి?"

గుంతకల్లుకని చెప్పి టికెట్ తీసుకున్నాను. బస్సు కదిలింది. సుంకమ్మ ఎద్దులు యాడికి పోయినాయో ఇప్పటికీ నాకు తెలియదు.